ఓడ యెక్కలేనివారి వైద్యుడు

శ్రీకూర్మనాథుని ఆలయం చెంతనున్న శ్వేతపుష్కరిణి మెట్లమీద నేను బాల్యంలో చూచిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కన్నుల ముందు నిలిచియున్నది. స్వామి దర్శనానికి దూరప్రాంతాల నుండి వచ్చిన యాత్రికులు, పితరుల అస్థులను నిమజ్జనం చేయవచ్చినవారు, మా ఊరి ఆడవారు అందరూ ఆ మెట్లు దిగేవారు. కూర్మావతారం పూజలందుకొనే గుడి అనీ, రెండు ధ్వజస్తంభాలున్న గుడి అనీ పెద్దలు చెప్పుకొనేవారు. పిల్లలమైన మా చూపులు మాత్రం వచ్చినవారి కాళ్ళమీద ఉండేవి. నీటిదాకా దిగవలెనంటే చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకొనక తప్పదు. అప్పుడు తెలిసేది, ఎవరికి బోదకాలు ఉన్నదో. మా తీరప్రాంతంలో అది అరుదైన దృశ్యం కాదు. ఆ కాలిని చూచి వెక్కిరించినందుకు మా నాయనగారి చేత నేనొకసారి దెబ్బలు కూడ తిన్నాను.

ఆ రోజులలో రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఫైలేరియా విభాగంవారు వీధులలోకి వచ్చేవారు. చేతిలో దీపం, సంచిలో గాజు పలకలు, ఒక సూది. నిద్రపోతున్న మమ్ములను లేపి వేలిమీద గుచ్చి చుక్క నెత్తురు పలకమీద రాసుకొనిపోయేవారు. పగలు రాకూడదా అని మా అమ్మ విసుగుకొనేది. ఈ వ్యాధి కలిగించే పురుగు పిల్లలు పగలంతా శరీరం లోపలి భాగాలలో దాగియుండి, దోమలు కుట్టే రాత్రివేళకు పైరక్తంలోకి వస్తవని నాకు చాల కాలానికిగాని తెలియలేదు.

మా వీధి చివర బట్టలుతికి జీవించే ఒక పెద్దావిడ ఉండేది. అత్తా అని పిలిచేవాళ్ళము. ఆమెకు ఒక పాదం వాచి జ్వరం వచ్చినప్పుడు మా నాయనగారు పట్నంలోని ఒక వైద్యునివద్దకు తీసుకొనిపోయారు. నేనూ వెంట వెళ్ళాను. సరిగా అదే లక్షణాలతో ఒక వర్తకుని కుమారుడు కూడ ఆ వేళ వచ్చియుండినాడు. అతనికి రాత్రి రక్తపరీక్ష చేయించుకొని రమ్మని చీటీ వ్రాయబడినది, పన్నెండు రోజుల మాత్రలు, మధ్యలో ఒకమారు వచ్చి చూపించుకొనవలసినదని హెచ్చరిక. అత్తకు మూడు రోజుల మాత్రలు, ఒక సీసాలో ఎర్రని మందునీళ్ళు. పరీక్ష మాట లేదు. ఆ వైద్యుడు దుర్మార్గుడు కాడు. ఆమెవద్ద ఫీజు కూడ పుచ్చుకొనలేదు. ఇంత దూరం మళ్ళీ రాలేదు, పన్నెండు రోజులు మాత్రలు మింగదు, పరీక్షకు డబ్బు పెట్టలేదు అని ఆయనే ఆమె తరఫున నిర్ణయించుకొన్నాడు, అంతే. జాలిపడి ఫీజు విడిచిపెట్టినాడు, ఆ జాలితోనే వైద్యాన్ని కూడ నాల్గవ వంతుకు తగ్గించినాడు. తరువాతి కాలంలో ఆమె పాదం ఏమయినదో పుష్కరిణి మెట్లమీద అందరమూ చూచినాము.

వారిద్దరికీ ఇచ్చిన మాత్ర ఒక్కటే. రోజుల లెక్కే వేరు. ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాని జీవితమున్నదని నాకు కాలేజీలో చదువుకొనే రోజులలో తెలిసినది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. బాల్యంలో చదువుమీద ఆయనకు శ్రద్ధ లేకపోయినది. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని ధనవంతుడు కావలెనని బంధువుల పిల్లవానితో కలిసి ఇల్లు విడిచిపోగా, తల్లి దారిలో పట్టి వెనుకకు తెప్పించినది. పాఠశాల చివరి పరీక్ష రెండుసార్లు తప్పినారు. తండ్రి గతించిన తరువాత ఆ తల్లి తన నగలు అమ్మి కుమారుని మద్రాసు పంపినది. అక్కడ హిందూ హైస్కూలులో మూడవమారు గట్టెక్కి, ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివినారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించవలెనని మనసు పడితే తల్లి అంగీకరించలేదు. సన్యాసానికి మారుగా వైద్యవిద్య దొరికినది. ఆమె ఆనాడు ఒప్పుకొనియుంటే మా పుష్కరిణి మెట్లమీది కథ ఎట్లుండేదో ఊహించుకొనవలసినదే.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు సాగడానికి స్నేహితుల సాయము, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయము ఆధారమైనవి. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావుగారు వివాహమాడినారు. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్ళినందుకు ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కోపము వచ్చినది. పరీక్షలలో ఇతర విషయాలన్నిటిలో చక్కగా నెగ్గినా, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. మద్రాసు ప్రభుత్వ వైద్యసర్వీసులో కూడ చోటు దొరకలేదు. ధరించిన గుడ్డను బట్టి మనిషి విలువ కట్టడమంటే ఏమిటో ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసినది.

దానికంటె లోతైన గాయము ఇంటిలో తగిలినది. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. మన పెద్దలు దానిని సంగ్రహణి లక్షణాలతో పోల్చుకొనేవారు. నోరు పుండ్లుపడి, తిన్నది వంటబట్టక, నెత్తురు పలచబడి మనిషి ఎండిపోతాడు. ఈ వ్యాధిని గురించి ఆనాటి వైద్యగ్రంథాలలో వ్రాసినది చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఉష్ణదేశాలకు వచ్చిన ఐరోపావారికి పట్టే జబ్బుగానే దానిని ముఖ్యంగా వర్ణించేవారు. బార్బడోస్ ద్వీపంలో హిల్లరీ 18వ శతాబ్దంలోనూ, చైనా తీరాన మాన్సన్ 19వ శతాబ్దంలోనూ దీనిని గుర్తించి వర్ణించినారు. చికిత్స ఏమనగా పాల పథ్యము, విశ్రాంతి, వీలైనంత త్వరగా ఓడ యెక్కి చల్లని స్వదేశానికి తిరిగి వెళ్ళడము. దొరకు అది నిజంగానే చికిత్స. ఇదే దేశంలో పుట్టినవానికి ఏ ఓడ? రాజమహేంద్రవరంలో గుమాస్తా బిడ్డకు పోవలసిన మరియొక స్వదేశం ఎక్కడిది? ఆ గ్రంథంలో అతనికి వైద్యమే లేదు, విరేచనాలని వ్రాసి పంపించడమే. దక్షిణ భారత గ్రామాలలో ఇది మహామారిగా వచ్చి జనాన్ని తీసుకొనిపోతుందని వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన బేకర్, మాథన్ అనే వైద్యులు 1960లలో విశదంగా చూపేవరకు దాని విస్తృతి లోకానికి బాగా తెలియలేదు.

సుబ్బారావుగారికి కూడ ఆ వ్యాధి సోకినది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ఆయనను కాపాడినది. లక్ష్మీపతిగారు పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై కూడ ఆయుర్వేదంవైపు తిరిగినవారు. ఆయన కళాశాలలోనే సుబ్బారావుగారు శరీరశాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా కుదిరినారు. తన ప్రాణం నిలిపిన మందులో ఏ పదార్థము పనిచేసినదో తెలుసుకొనవలెననే పట్టుదల అక్కడనే కలిగినదని ఆయన జీవితకారులు చెప్పుతారు. ఆ పట్టుదలతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానము, మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ము తోడుకాగా, 1920ల ప్రారంభంలో భార్యను పుట్టింట విడిచి అమెరికాలోని బోస్టన్ నగరానికి ప్రయాణమైనారు. మళ్ళీ ఈ గడ్డమీద ఆయన కాలు పెట్టలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయినాడు, ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడలేదు. శేషగిరిగారి జీవితము వేరొక వ్యాసానికి తగినది. ఎవరైనా వ్రాయవలెను.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరినారు. చదువుకు చోటు దొరికినది గాని పొట్టకు దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగాం ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు ఎత్తే పనికి కుదిరినారు. ఈ ఆస్పత్రి చరిత్ర మన ప్రసంగానికి పనికివచ్చేది. బోస్టన్ వర్తకుడొకడు చనిపోతూ తన ఆస్తిని ఆ సఫోక్ కౌంటీలోని నిరుపేద రోగుల కోసం వ్రాసిపోగా 1913లో తెరువబడినది. పేదల కోసం పుట్టిన ఆ వార్డులలో మద్రాసునుండి వచ్చిన వైద్యుడు పనివానిగా రాత్రులు గడిపినాడు. మంచం ప్రక్కన నిలిచి నాడి చూచే డాక్టరుకు కనిపించే రోగి వేరు, పాత్ర ఎత్తేవానికి కనిపించే రోగి వేరు. ఆ రెండు చూపులూ ఒకే మనిషికి దక్కడము అరుదు.

హార్వర్డ్‌లో ఆయన చేసిన పనిని గురించి రసాయనశాస్త్రజ్ఞులు చెప్పవలసినది చాల ఉన్నది, తెలుగు ఉపన్యాసకుడు చెప్పగలిగినది కొంచెము. సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి నెత్తుటిలోనూ మూత్రంలోనూ భాస్వరము పాలు తేల్చే పద్ధతిని 1925లో ప్రకటించారు. అది వారిద్దరి పేర్లతోనే లోకమంతటా ప్రయోగశాలలలో వాడుకకు వచ్చినది. కండరము పనిచేయడానికి కావలసిన శక్తిని మోసే ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లోనూ, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోనూ వెలికితీసినారు. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడ విడిగా కనుగొన్నాడు. 1930లో డాక్టరేటు వచ్చినది. ఇంత జరిగినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగము ఇవ్వలేదు.

ఆ బ్రిగాం ఆస్పత్రివద్దనే, ఆయన బోస్టన్‌లో ఉన్న కాలంలోనే, వైద్యచరిత్రలో ఒక పెద్ద సంగతి జరిగినది. మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు ప్రాణాంతకమైన ఒక జాతి రక్తహీనతకు కాలేయము తినిపించి నయం చేయవచ్చునని 1926లో చూపించారు. ఆ పరిశోధన 1934లో నోబెల్ బహుమతి తెచ్చినది. చికిత్స ఏమనగా, దినానికి సుమారు అర పౌను కాలేయము, జీవితాంతము. ఇది రోగికి చెప్పడం ఎంత సులభమో, అతడు కొనితెచ్చుకొనడం అంత కష్టము. మన భీమవరం బ్రాహ్మణ వీధిలో ఈ మాట చెప్పి బయటపడగలిగిన వైద్యుడు ఎవరైనా ఉండునా అని నాకు నవ్వు వస్తుంది. కాని నవ్వు విడిచి చూస్తే ఇక్కడ వైద్యుని ముందున్న చిక్కు స్పష్టమే. రోగము ఒకటే, మందు ఒకటే. ఎదుట కూర్చున్నవాని ముఖము చూచి, అతని సంచి చూచి, ఈ మందు పేరు చెప్పడమా మానడమా అని ఆయన లోలోన తర్కించుకొనవలెను. చెప్పి అప్పుల పాలు చేయడము ఒక పాపము, చెప్పకుండ చావనీయడము ఇంకొకటి.

అదే కాలంలో బొంబాయి మిల్లు కూలీల ఇండ్లలో గర్భవతులు రక్తం పలచబడి మరణించేవారు. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928 తరువాత వచ్చి వారిని పరిశీలించినది. ఈ రోగం ధనికుల స్త్రీలలో కంటె పేదలలో హెచ్చుగా ఉండడం గమనించి, కారణం తిండిలోనే ఉన్నదని అనుమానించినది. ఖరీదైన కాలేయ సారానికి బదులు మార్మైట్ అనే చౌకయైన ఈస్టు సారము పెట్టి చూస్తే తల్లులు కోలుకొన్నారు. ఆ సారంలో ఉన్న వస్తువేదో చాల కాలం ఎవరికీ తెలియలేదు. 1941లో టెక్సస్‌లోని పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని రవ్వంత తీసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదముతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్ వద్ద అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన లెడర్లీ ప్రయోగశాలలలో చేరినారు. రెండేళ్ళలో పరిశోధన అంతటికీ అధిపతి అయినారు. అక్కడ ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని పరిశుద్ధంగా వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసినది. అలబామాలోని బర్మింగ్‌హాంలో పేదల పోషకాహార వైద్యశాల నడిపిన టామ్ స్పైస్ ఆ మందును మొదట తన రోగులకు ఇచ్చి చూచినాడు. క్యూబాలోని స్ప్రూ రోగులకు కూడ ఇవ్వగా, ఎండిపోయినవారు తిరిగి లేచి తినసాగినారు. సోదరులు పోయి పాతికేళ్ళు గడిచిన తరువాత సుబ్బారావుగారికి దొరికినది ఈ సంతోషము. ఓడ అక్కరలేని వైద్యము, కాలేయం కొననక్కరలేని వైద్యము, వ్రేలిగోటిపాటి మాత్ర. ప్రాణాంతక రక్తహీనతకు మాత్రము ఇది చాలలేదు, నరాల నష్టాన్ని ఆపలేకపోయినది. దానికి బి–12 విటమిన్ 1948లో వచ్చినది. కాని గర్భిణీలకు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము పంచే పథకాన్ని భారత ప్రభుత్వము 1970లో ప్రారంభించిన తరువాత, లూసీ విల్స్ చూచిన తల్లుల వంటి కోట్లమంది ఆ మాత్రను ఉచితంగా అందుకొన్నారు.

ఇక బోదకాలు సంగతి. ఈ పురుగు పిల్లలను మనుష్యుల నెత్తుటిలో కలకత్తాలో లూయీ 1872లో చూచినాడు, దోమ ద్వారా వ్యాపిస్తుందని మాన్సన్ 1877లో చూపినాడు. ఆ తరువాత డెబ్బది సంవత్సరాలపాటు సరియైన మందు రాలేదు. అంజనము, పాషాణము చేరిన సూదిమందులు ఇచ్చి చూచేవారు. కలిగినవానికి గ్రంథాలలో ఉన్న సలహా ఇక్కడ కూడ ఒకటే, దోమలున్న ప్రాంతము విడిచి వేరొకచోటికి పొమ్మని. స్ప్రూకు ఓడ, బోదకాలుకు రైలు. పొలము, మగ్గము, వల, చాకిరేవు విడిచి పోలేనివాడు కట్టు కట్టుకొని కూర్చోవలసినదే.

డెబ్బది ఏండ్ల మౌనము ఎందువలన తొలగినదో చెప్పితే మనస్సు కలత చెందుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు, ముఖ్యంగా సమోవా ప్రాంతానికి వెళ్ళిన అమెరికన్ సైనికులలో వేలమందికి ఈ వ్యాధి సోకినది. వారిని ఆ ద్వీపాల నుండి తప్పించి ఓరిగాన్ రాష్ట్రంలో చల్లని క్లామత్ ఫాల్స్ వద్ద 1944లో ప్రత్యేకంగా కట్టిన విశ్రాంతి శిబిరంలో ఉంచినారు. అమెరికా పరిశోధనశాలలు ఈ పురుగుమీద దృష్టి పెట్టినది అప్పుడే. శ్రీకాకుళం తీరంలో తరతరాలుగా మోయబడుతున్న కాలు ఏ ప్రయోగశాల తలుపునూ తట్టలేకపోయినది, మెరీను సైనికుని కాలు రెండేళ్ళలో తట్టినది. పాఠకులు నన్ను మన్నించవలెను, ఇది ఆ సైనికులమీద కోపము కాదు. వైద్యుని మందుచీటీకంటె ముందే, ఏ రోగానికి మందు వెదకవలెననే నిర్ణయంలోనే రోగి అంతస్తు కూర్చొని ఉంటుందని మాత్రమే నా తాత్పర్యము.

లెడర్లీలో సుబ్బారావుగారి అధ్వర్యంలో హ్యూయిట్ మొదలైనవారు పురుగుపట్టిన ఎలుకలమీద వందల రసాయనాలను పరీక్షించి ఒకదానిని ఎన్నుకొన్నారు. డైఇథైల్ కార్బమజీన్ అని దాని పేరు. హెట్రజాన్ అని వ్యాపారనామము. 1947లో పోర్టోరీకో ద్వీపంలోని రోగులకు నోటి ద్వారా ఇచ్చి చూడగా నెత్తుటిలోని పురుగు పిల్లలు మాయమైనవి. సూది అక్కరలేదు, ఆస్పత్రిలో పడుకొననక్కరలేదు. బరువును బట్టి కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు దినాలు. మా అత్తకు అందవలసిన పన్నెండు దినాలు అవియే. అప్పటికే ఏనుగు కాలువలె పెరిగినదానిని ఈ మందు తగ్గించలేదు. కాబట్టి మొదటి వాపులోనే ఇవ్వవలెను. ఆలస్యముగా వచ్చేవాడు ఎవడు? దినకూలి పోగొట్టుకొని వైద్యునివద్దకు రాలేనివాడే కదా.

సుబ్బారావుగారి చివరి సంవత్సరాలలో వచ్చిన ఇతర మందులను ఒక్క మాటతో దాటిపోతాను. ఆయన బృందము తయారుచేసిన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పట్టిన పసిపిల్లలకు కొంతకాలమైనా ఉపశమనము కలిగించినాడు. చికిత్స చేయడమే వ్యర్థమని వైద్యులు చేతులు ముడుచుకొన్న వ్యాధి అది. ఆరియోమైసిన్ కథ మాత్రము విడువరానిది. లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఈ మందును కనుగొనగా 1948లో లోకానికి ప్రకటించారు. ఎన్నో అంటురోగాలకు ఒకే మందు. కాని దాని పేటెంటు కంపెనీది. అమెరికన్ సెనేటులో కెఫావర్ అధ్యక్షతన 1959లో ఆరంభమైన విచారణ ముగిసి నివేదిక వచ్చేసరికి, ఇటువంటి సూక్ష్మజీవినాశక ఔషధాల ధరలు భారతదేశంలో ప్రపంచంలోకెల్ల హెచ్చైనవాటిలో చేరియున్నవని తేలినది. ఓడ యెక్కలేనివారికోసం శ్రమించినవాని ప్రయోగశాల నుండి వచ్చిన మందే ఈ దేశపు వైద్యుని చేత, వ్రాయనా వద్దా అని రోగి బట్టలవైపు చూపించినది. ఈ చరిత్ర మన పార్లమెంటు 1970లో చేసిన పేటెంట్ల చట్టానికి ఒక కారణమైనది. ఆ చట్టము మందుకు కాక తయారుచేసే విధానానికే పేటెంటు ఇవ్వడముతో, మన కంపెనీలు వేరే దారిన అవే మందులు చౌకగా తయారు చేయగలిగినవి.

ఇవేవీ ఆయన చూడలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. చాలకాలము ఆంధ్రదేశంలో కూడ ఆయన పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళను వెలువరించినది.

బోదకాలు నియంత్రణకు మన దేశంలో జాతీయ కార్యక్రమము 1955లో ఆరంభమైనది. మా వీధిలోకి దీపము పట్టుకొని వచ్చినవారు దాని మనుష్యులే. 2004 నుండి పద్ధతి మారినది. పురుగున్నవానిని వెదకి పట్టుకొనడము కాక, వ్యాధి ఉన్న జిల్లాలలో అందరికీ ఏడాదికొకమారు సుబ్బారావుగారి మాత్రను ఇంటింటికీ తెచ్చి మింగించడము మొదలైనది. రెండు నుండి అయిదేళ్ళ పిల్లలకు 100 మిల్లీగ్రాములు, ఆరు నుండి పదునాలుగేళ్ళవారికి 200, పదునైదు దాటినవారికి 300. మాత్ర తెచ్చిన అమ్మాయి చేతిలోని పుస్తకంలో వయస్సుకు గడి ఉన్నది, కులానికి లేదు, రాబడికి లేదు. ఈమె వచ్చునా రాదా, మింగునా మానునా అని ముందుగా తీర్పు చెప్పే కలము ఆ గుమ్మము దగ్గర లేదు.

ఇది బోదకాలుకే గాని మిగిలిన రోగాలకు రాలేదు. వేల్సు దేశంలో బొగ్గుగని కార్మికుల పల్లెలో వైద్యము చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, ఎక్కడ వైద్యావసరము హెచ్చో అక్కడ మంచి వైద్యము తక్కువగా దొరుకుతుందని 1971లో సూత్రీకరించినాడు. మన పట్టణాలలో అది తలక్రిందులై కూడ కనిపిస్తుంది. డబ్బున్నవానికి అవసరము లేని పరీక్షలు, అవసరము లేని కోతలు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలోని ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి ఎనభైకి పైగా కాన్పులు శస్త్రచికిత్సలే. ఒకరికి మూడు రోజుల మాత్రలు, ఒకరికి కడుపుకోత. రెండుచోట్లా రోగాన్ని చూడవలసిన కన్ను రోగి సంచిని చూచినది.

నాకు తెలిసిన ఒక యువవైద్యురాలు ఈ మధ్య తన పద్ధతి ఒకటి చెప్పినది. చీటీ వ్రాయడం పూర్తి చేసిన తరువాతనే రోగి వృత్తి ఏమిటని అడుగుతుందట. కొనలేకపోతే అప్పుడు, రోగితో మాట్లాడి, చౌకయైన మందుకు మారుస్తుంది. నాకిది గొప్పగా తోచినది. మా అత్తను కూడ పన్నెండు రోజులు వాడగలవా అని అడిగియుంటే బాగుండేది. ఊళ్ళో అందరి బట్టలూ క్రమం తప్పక ఉతికి తెచ్చే మనిషి పన్నెండు మాత్రల లెక్క తప్పునా?

ఒక నేరము ఒప్పుకొని ముగించవలసియున్నది. కొన్ని సంవత్సరాల క్రిందట ఆ మాత్రలు మా ఇంటికి వచ్చినప్పుడు, భోజనము చేసి వేసుకొంటామని చెప్పి పుచ్చుకొని కిటికీలో పెట్టినాను. పక్కా ఇల్లు, తలుపులకు దోమల జాలీ, మనకెందుకులే అనుకొన్నాను. మరునాడు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చినది. కిటికీలోని మాత్రలవైపు చూచి, మంచినీళ్ళు అడిగినది. తనకు దాహమేమో అనుకొని లోటా తెచ్చి ఇచ్చినాను. ఆమె ఆ లోటాను తిరిగి నా చేతిలోనే పెట్టి, నేను మింగేవరకు గుమ్మములో నిలబడినది.